బావమరిది లేని నవల

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు పార్టీల్లో ప్లేటు పట్టుకుని నా పక్కన నిలబడ్డప్పుడు, "అంకుల్, మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ సక్సెస్ ఏంటి?" అని అడుగుతుంటారు. రిటైరైనవాడితో ఇంకేం మాట్లాడాలో తెలియక అడిగే ప్రశ్న అది, నాకూ తెలుసు. అయినా నేను వదలను. సక్సెస్ సంగతి తర్వాత, ముందు నా తెలివితక్కువ సంగతి ఒకటుంది విను అంటాను. సగంమంది గులాబ్‌జామ్ అయిపోతోందని తప్పించుకుంటారు. నిలబడిపోయిన మొహమాటస్తులకి చెప్పిందే ఇప్పుడు రాస్తున్నాను.

మా ఆవిడకి మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చి మేం నార్త్ కరొలైనా వచ్చాం. అప్పటికి నాకు నలభై రెండు. విజయవాడలో బ్యాంకు కౌంటర్లో పద్దెనిమిదేళ్ళు కూర్చుని వచ్చినవాణ్ణి. ఇక్కడ నేను డిపెండెంట్‌నని, సొంతంగా ఉద్యోగం చేయకూడదని కాగితం మీద రాసిచ్చారు. మూడేళ్ళపాటు ఇంట్లో ఉండి, డిష్‌వాషర్లో గిన్నెలు ఎలా సర్దాలో మా ఆవిడకి క్లాసులు పీకాను. ఆ బాధ పడలేక తనే ఓ రోజు నన్ను కారెక్కించి, క్యారీ పట్నం పక్కన మేమున్న చిన్న ఊళ్ళో లైబ్రరీ ముందు దింపింది. ఇక్కడ వాలంటీర్లు కావాలట, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాను అని చెప్పి వెళ్ళిపోయింది. వర్క్ పర్మిట్ వచ్చాక వాళ్ళే ఉద్యోగం ఇచ్చారు. పదిహేడేళ్ళు చేశాను.

నేను చేరినప్పుడు ఆ లైబ్రరీలో తెలుగు పుస్తకం ఒక్కటంటే ఒక్కటి లేదు. కనపడిన ప్రతి తెలుగువాణ్ణీ అడిగాను. ఇండియా వెళ్ళేవాళ్ళ సూట్‌కేసుల్లో ఖాళీ ఎంతుందో ఆరా తీశాను. ఇల్లు ఖాళీ చేసి టెక్సాస్ వెళ్ళిపోయేవాళ్ళ గరాజ్‌ల్లో అట్టపెట్టెలు వెతికాను. అలా పదకొండేళ్ళు పోగేస్తే గోడవారన ఓ పెద్ద అలమార నిండింది. ప్రతి పుస్తకానికీ నేనే ప్లాస్టిక్ అట్ట వేశాను, నేనే లేబుల్ అంటించాను. సొంత పిల్లల టెక్స్ట్‌బుక్కులకి ఒక్కసారైనా అట్టేశారా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ అలమార పక్కన నా చేతిరాతతో ఓ బోర్డు కూడా పెట్టాను. నా రాత గుండ్రంగా ముత్యాల్లా ఉంటుందని బ్యాంకులో అందరూ అనేవాళ్ళు. బోర్డు మీద ఏడు నియమాలు. పుస్తకాలపై రాయరాదు. పేజీలు మడవరాదు. తినుబండారాలతో పుస్తకాలను తాకరాదు. మీ కార్డుపై తీసుకున్న పుస్తకాన్ని ఇతరులకు ఇవ్వరాదు. ఇలా మిగతావి కూడా ఉన్నాయి, అన్నిటి కిందా ఎర్ర గీత ఉంది. అమెరికన్లు ఆ బోర్డు చూసి అది ఏదో ప్రార్థన అనుకునేవాళ్ళు, ఫొటో కూడా తీసుకునేవాళ్ళు.

ఇంత చేస్తే ఏం లాభం, పుస్తకాలు తీసుకెళ్ళేవాడు లేడు. మా ఊళ్ళో ఏ వీధిలో చూసినా మనవాళ్ళే. ఇండియన్ స్టోర్లో శనివారం కార్ట్ దొరకదు. కానీ లైబ్రరీ కంప్యూటర్లో చూస్తే తెలుగు అలమారలోంచి నెలకి నాలుగైదు పుస్తకాలు కదిలితే గొప్ప. నాకు ఒళ్ళు మండిపోయేది. చదవడం మానేసిన జాతి అని ఇంట్లో, ఫోన్లో, పెళ్ళిళ్ళలో అందరినీ తిట్టిపోశాను.

చివరికి మా డైరెక్టర్ నన్ను గదిలోకి పిలిచింది. యాభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ రన్నింగ్ షూస్‌లో ఉండేది, ఎంత కష్టమైన మాటైనా మెత్తగా చెప్పేది. కొత్త కంప్యూటర్లు పెట్టడానికి చోటు కావాలట. ఎవరూ వాడని షెల్ఫులు తీసేయమని, లైబ్రరీకి డబ్బిచ్చే కౌంటీవాళ్ళు అంటున్నారట. చైనీస్‌కీ స్పానిష్‌కీ ఢోకా లేదు, తెలుగుకే ఇబ్బంది. ఏప్రిల్‌లోగా పాఠకులున్నారని చూపించగలిగితే సరే, లేకపోతే పుస్తకాలన్నీ పెట్టెల్లో సర్ది బుక్ సేల్‌కి పంపాల్సిందే అంది. మావాళ్ళు బాగా చదువుతారు మేడమ్ అన్నాను. తను జాలిగా కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పింది. 

ఆ వసంతంలోనే మా లైబ్రరీలో ఊరంతా కలిసి ఒకే నవల చదివే కార్యక్రమం మొదలుపెట్టారు. డైరెక్టర్‌కి గూఢచారుల కథలంటే పిచ్చి. అందుకని ఓ పాత బ్రిటిష్ నవల ఎంచుకుంది. పేరు చెప్పను, మీరు సినిమాగానో సీరియల్‌గానో చూసే ఉంటారు. లండన్‌లో ఓ రహస్య కార్యాలయం. లోపలివాళ్ళే ఎవరో శత్రుదేశానికి సమాచారం అందిస్తున్నారు. పట్టుకోవడానికి ఓ నలిగిపోయిన కోటు ఆఫీసరు బయల్దేరతాడు. అతను కాల్పులూ గట్రా ఏమీ చేయడు. అనుమానం ఉన్న ఒక్కొక్కరికీ ఒక్కొక్క చిన్న అబద్ధం చెప్తాడు. ఏ అబద్ధం శత్రువు దగ్గర తేలితే, దాన్ని విన్నవాడే ద్రోహి. చివరికి తేలేదేమిటంటే, ఆ ఆఫీసరుకి పని నేర్పిన గురువే ద్రోహి.

డైరెక్టర్ ఆ కథ చెప్తుంటే నాకు ఎక్కడో విన్నట్టు అనిపించింది. కోటు, పొగమంచు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క అబద్ధం. పరిగెత్తుకెళ్ళి అలమార అడుగు అరలోంచి ఓ పాకెట్ పుస్తకం తీశాను. అనుమానం లేదు, అదే ఇది. కాలేజీ రోజుల్లో అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని చదివినదే. ఫలానా ఇంగ్లీషు నవలకి అనుసరణ అని ఎక్కడా వేసుకోలేదు, ఆ రోజుల్లో అంత పట్టింపులు ఎవరికీ లేవు. రచయిత ఎవరో మహానుభావుడు లండన్‌ని ఎత్తి మద్రాసులో పెట్టాడు. పొగమంచుని మాత్రం వదల్లేక మైలాపూరులో దింపాడు. ఆఫీసరు ఎండలో కూడా ఓవర్‌కోటు విప్పడు. టీ పోయి ఫిల్టరు కాఫీ వచ్చింది. అన్నిటికంటే పెద్ద మార్పు ద్రోహి దగ్గర చేశాడు. చదువు చెప్పిన గురువు మోసం చేశాడంటే తెలుగు పాఠకుడు ఒప్పుకుంటాడా? పుస్తకం షాపువాడి మొహాన కొట్టడూ? అందుకని అసలు నవల్లో లేని ఒక బావమరిదిని పుట్టించి, నేరమంతా వాడి నెత్తిన రుద్దాడు. తెలుగువాడు ఎవడూ దానికి అభ్యంతరం చెప్పలేదు.

ఇక్కడ నేను ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. ఆ పుస్తకం అలమారలోకి వచ్చినప్పుడే అందులో ఒక కాగితం చిరిగిపోయి ఉంది. బావమరిది మొదటిసారి ఇంటికొచ్చే చోటే సరిగ్గా రెండు పేజీలు లేవు. రూలు ప్రకారం అలాంటి పుస్తకాన్ని అలమారలో పెట్టకూడదు. పారేయడానికి నాకు మనసొప్పలేదు. ఓ ఆదివారం మంచి కాగితం తీసుకుని, చదివి ముప్పై ఏళ్ళయినా గుర్తున్నంతవరకూ నేనే రాసి జిగురుతో అంటించేశాను. గుర్తు లేనిచోట కల్పించాను. బావమరిది బుట్టెడు బంగినపల్లి మామిడిపళ్ళతో దిగుతాడు. కాళ్ళయినా కడుక్కోకుండా బీరువా తాళాలు ఎక్కడ పెట్టావక్కా అని అడుగుతాడు. బీరువాలో ఆఫీసరు ఫైళ్ళుంటాయి కదా. రాసినంతసేపూ మహా సంబరంగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. లైబ్రరీ పుస్తకంలో లైబ్రరీ ఉద్యోగి కథ రాశాడంటే ఎంత అప్రదిష్ట.

ఊరంతా చదివే నవలకి తెలుగు రూపం మా దగ్గరుందని నోటీసు పెట్టాను. అందరికీ సరిపడా ఇంగ్లీషు కాపీలు కూడా అలమార పక్కనే పేర్చాను. ఆరు వారాలు ఎదురుచూశాను. అక్కడి ఇంగ్లీషు కాపీని మనవాళ్ళు ఒక్కరూ ముట్టలేదు. తెలుగు పుస్తకాన్ని ఒకే ఒక్క కార్డు మీద, సెల్ఫ్ చెకౌట్ మెషీన్‌లో, ఒకే ఒక్కసారి ఎవరో తీసుకెళ్ళారు. ఆ ఒక్కరే ఆన్‌లైన్‌లో గడువు పొడిగించుకుంటూ పోతున్నారు. ఎవరో ఆరు వారాలుగా నూటయాభై పేజీల పాకెట్ నవల చదువుతున్నారు, కూడబలుక్కుని చదువుతున్నారు కాబోలు అనుకున్నాను.

చర్చా కార్యక్రమం శనివారం మధ్యాహ్నం. ఎవరొచ్చినా రాకపోయినా ఆ రోజుతో తెలుగు అలమార సంగతి తేల్చేస్తామన్నారు. కౌంటీ నుంచి లాప్‌టాప్ పట్టుకుని ఓ పెద్దమనిషి కూడా వచ్చాడు.  మా ఆవిడ టై కట్టుకోమంది. చావుకి వెళ్తున్నానా ఏంటి, వద్దన్నాను.

తీరా చూస్తే రెండింటికల్లా మనవాళ్ళు బిలబిలమంటూ దిగారు. ముప్పైమందికి తక్కువ లేరు. పట్టుచీరలు, యూనివర్సిటీ స్వెట్‌షర్టులు, చంకలో పిల్లలు. ఒకావిడ మిర్చిబజ్జీల ట్రే కూడా తెచ్చింది. లోపలికి తిండి తేకూడదని గుమ్మం దగ్గరే ఆపేశాను. ఇక్కడ పిక్నిక్ కాదు, పుస్తకం చదివినవాళ్ళకే చర్చ అని కూడా అన్నాను. ఆవిడ ట్రే తీసుకెళ్ళి కార్లో పెట్టొచ్చింది. మా ఆవిడ నా వంక ఓ చూపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకప్పుడు తెలియలేదు. వీళ్ళంతా ఎందుకొచ్చారో, ఏసీ కోసమా, కబుర్ల కోసమా అని నాలో నేనే సణుక్కున్నాను.

ముందుగా ఓ ప్రొఫెసర్ మాట్లాడాడు. నవల రాసినాయన కూడా అలాంటి రహస్య కార్యాలయంలోనే గుమాస్తాగా చేశాడట. మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో పార్కు బెంచీ మీద కూర్చుని పిల్లల నోటుపుస్తకాల్లో రాశాడట. అచ్చువేసే ముందు పైవాళ్ళకి చూపించాలి కదా, చూపిస్తే వాళ్ళు దేశ రహస్యాల గురించి ఒక్క అభ్యంతరమూ చెప్పలేదట. మన ఆఫీసు టీ మరీ అంత అధ్వాన్నంగా ఉండదు, అది మార్చు అన్నారట. పుస్తకం వచ్చాక మొదట జనానికి నచ్చలేదు. గూఢచారి అంటే తుపాకీ, కారు, అమ్మాయిలు ఉండాలి గానీ వీడేమిటి బస్సులో ఆఫీసుకెళ్తాడు అన్నారట. సినిమావాళ్ళు ఆ మాట విని హీరో చేతికి తుపాకీ ఇచ్చేశారు. రచయిత సగంలో లేచి బయటికొచ్చేశాడట. చాలా ఏళ్ళకి టీవీవాళ్ళు నిదానంగా, ఉన్నదున్నట్టు తీస్తే అప్పుడు అందరూ అసలు పుస్తకం కొనుక్కుని చదివారు. నేను ఇదంతా సగం చెవితోనే వింటున్నాను. నా కళ్ళు కౌంటీ పెద్దమనిషి లాప్‌టాప్ మీదే ఉన్నాయి.

తర్వాత డైరెక్టర్ లేచి, మీకు ద్రోహి మీద మొదటి అనుమానం ఎప్పుడొచ్చింది అని అందరినీ అడిగింది. ముందు వరసలో ఓ అమెరికన్ పెద్దాయన, గురువు టోపీ మర్చిపోయిన చోట తనకు అనుమానం వచ్చిందన్నాడు. అందరూ తలలూపారు. అప్పుడు మనవాళ్ళలోంచి ఒకావిడ చెయ్యెత్తింది. వరంగల్‌లో లెక్కల టీచర్‌గా చేసి రిటైరై, ఇక్కడ కూతురి దగ్గర ఉంటోంది. చీర మీద స్వెటర్, కాళ్ళకి స్నీకర్స్. రోజూ పొద్దున్నే పార్కులో మా ఆవిడ బృందంతో కలిసి నడుస్తుంది. నాకు అంతవరకే తెలుసు.

ఆవిడ క్లాసులో చెప్పినట్టు ఒక్కొక్క ఇంగ్లీషు మాటా విడదీసి చెప్పింది. తనకి బావమరిది ఇంట్లో అడుగుపెట్టిన నిమిషంలోనే అనుమానం వచ్చిందట.

 ప్రొఫెసర్ గబగబా తన కాపీ తిరగేశాడు. డైరెక్టర్ చాలా మర్యాదగా, ఏ బావమరిది అని అడిగింది. ఇంతలో వెనక వరసలోంచి సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు లేచి, ఆంటీ, అప్పుడు కాదు, బీరువా కీస్ అడిగాడు చూడండి, అక్కడ దొరికిపోయాడు అన్నాడు. పక్కావిడ ఒప్పుకోలేదు. అక్కాతమ్ముళ్ళ మధ్య తాళాలు అడగడం తప్పు కాదంది. వాడి మేనత్త కూడా కలిసిందేమో అని ఇంకొకాయన సందేహం వెలిబుచ్చాడు. అయిదు నిమిషాల్లో మనవాళ్ళు రెండు పార్టీలుగా చీలిపోయారు. అమెరికన్లు నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూస్తున్నారు. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

టీచరమ్మ చెయ్యెత్తి అందర్నీ కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్ళు క్లాసుల్ని అదుపులో పెట్టిన చెయ్యి కదా, అందరూ కూర్చున్నారు. అప్పుడావిడ అసలు ఆధారం బయటపెట్టింది. ముందు పేజీలో దీపావళి అని స్పష్టంగా ఉంది, తర్వాతి పేజీలో వాడు బంగినపల్లి పళ్ళు తెచ్చాడు, అక్టోబరు నవంబరుల్లో బంగినపల్లి ఎక్కడ దొరుకుతుంది? అంటే వాడు చెప్పిన ఊరినుంచి రాలేదన్నమాట. రచయిత ఎంత తెలివిగా పెట్టాడో చూడండి అని మెచ్చుకుంది.

 ఆ పేజీ నాది. రాసేటప్పుడు దాని ముందు పేజీలో ఏ పండగ ఉందో చూసుకోలేదు. బుట్టలో ఏదో ఒకటి ఉండాలి కదా అని నాకిష్టమైన పళ్ళు పెట్టాను.

ఏం జరుగుతోందో డైరెక్టర్ నన్నడిగింది. లేచి చెప్పాను. పాత రోజుల్లో ఎవరో ఈ నవలని తెలుగులోకి దింపుకున్నారు, గురువు ద్రోహి కావడం మావాళ్ళకి మింగుడు పడదని బావమరిదిని పెట్టారు, వీళ్ళు చదివింది అది అన్నాను. ప్రొఫెసర్ సంతోషం పట్టలేకపోయాడు. డైరెక్టర్ మాత్రం లెక్కల్లోకి దిగింది. ఆ పుస్తకం మన దగ్గర ఎన్ని కాపీలున్నాయి? ఒక్కటి. ఎన్నిసార్లు బయటికెళ్ళింది? ఒక్కసారి. అయితే బావమరిది తెలిసినవాళ్ళు చేతులెత్తండి అంది. ఎత్తారు. తను వేలితో ఎంచింది. ఇరవై ఆరు.

కౌంటీ పెద్దమనిషి లాప్‌టాప్ లోంచి తలెత్తాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. వీళ్ళు చిన్నప్పుడు ఇండియాలోనే చదివి ఉండొచ్చు, ఇంటర్నెట్లో ఎవరైనా పెట్టి ఉండొచ్చు, ఇది మన కాపీనే అని చెప్పడానికి ఆధారం లేదు కదా అన్నాడు. మన అలమార వాడకంలో ఉందని దీన్నిబట్టి రాసుకోలేను, సారీ అన్నాడు.

ఆ క్షణంలో నాకు రెండే దార్లు. నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, అలమార పోతుంది. నోరు తెరిస్తే ముప్పైమంది తెలుగువాళ్ళ ముందు, నేను నియమాలు చదివి వినిపించిన అదే జనం ముందు, దొంగనని ఒప్పుకోవాలి. పదకొండేళ్ళ అట్టపెట్టెలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చెప్పేశాను.

"ఆ మామిడిపళ్ళు ప్రపంచంలో ఇంకే కాపీలోనూ ఉండవు. ఆ పేజీ చిరిగిపోతే నేనే రాసి అంటించాను."

తెలుగులో అన్నానో ఇంగ్లీషులో అన్నానో గుర్తు లేదు, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. టీచరమ్మ బ్యాగులోంచి పుస్తకం తీసింది. క్యాలెండర్ కాగితంతో శుభ్రంగా అట్ట వేసి ఉంది. డైరెక్టర్ దాన్ని తీసుకుని, బయటికెళ్ళి, అలమార పక్కనున్న నా నియమాల బోర్డు పీక్కొచ్చింది. తెలుగు ఒక్క అక్షరం రాని మనిషి, రెండూ పక్కపక్కన పెట్టి కౌంటీ పెద్దమనిషికి చూపించింది. ఒకటే గుండ్రటి రాత. ఇందులో ఏముంది అని ఆయన బోర్డు చూపించి అడిగాడు. పుస్తకాలపై రాయరాదు అని ఉంది సార్ అన్నాను.

ముందు నవ్వింది ఆయనే. తర్వాత హాలంతా నవ్వింది. బజ్జీల ఆవిడైతే కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. డైరెక్టర్ మాత్రం నవ్వకుండా, మామిడిపళ్ళ సంగతి చదివినవాళ్ళు చేతులెత్తండి అని మళ్ళీ అదే ఇరవై ఆరు ఎంచి, నవల్లో ఆఫీసరు వేసిన ఎత్తు ఇదే కదా, ఒకే చోట చెప్పిన అబద్ధం ఇరవై ఆరుగురి దగ్గర తేలింది, ఇంతకంటే ఆధారం ఏం కావాలి అంది. ఆ పేజీ తెలియని తెలుగువాడు ఆ హాల్లో చంటిపిల్లలు తప్ప ఎవరూ లేరు. మా ఆవిడకీ తెలుసని అప్పుడే తెలిసింది, తనూ చెయ్యెత్తింది. కౌంటీ పెద్దమనిషి లాప్‌టాప్‌లో ఏదో కొట్టి, అలమార ఉంటుంది, కానీ ఇకనుంచి ఎవరి కార్డు మీద వాళ్ళు తీసుకోవాలి అన్నాడు. నాకు మాత్రం లైబ్రరీ ఆస్తిని పాడుచేసినందుకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. పదిహేడేళ్ళలో అదొక్కటే. ఇప్పటికీ దాచుకున్నాను.

పైకి మాత్రం నేను గెలిచిన మొహంతో పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళాను. కారు చుట్టూ చేరి అందరూ బజ్జీలు తింటున్నారు. నాకూ రెండు పెట్టారు, చల్లారిపోయినా బాగున్నాయి. ఆ పుస్తకం పార్కులో వాకింగ్ దగ్గర చేతులు మారిందట. తర్వాత ఇండియన్ స్టోర్ దగ్గర, ఆ తర్వాత పిల్లల కూచిపూడి క్లాసు బయట కార్లలో. ఇదొక్కటే కాదు, అలమారలో సగం పుస్తకాలు ఏళ్ళ తరబడి అలాగే తిరుగుతున్నాయట. ఎవరో ఒకరు తెస్తారు, పాతికమంది చదువుతారు, ఒకరు తిరిగిస్తారు. మరి నా కంప్యూటర్ ఏం చెప్తుంది పాపం?

నాకు సంతోషం, ఉక్రోషం రెండూ కలిసి వచ్చాయి. పక్కకి పిలిచి టీచరమ్మని అడిగాను. కార్డు ఫ్రీ, పుస్తకం ఫ్రీ, అయిదు నిమిషాల డ్రైవ్. దొంగచాటుగా ఎందుకమ్మా, హాయిగా లోపలికొచ్చి తీసుకోవచ్చు కదా అన్నాను.

ఆవిడ తినబోతున్న బజ్జీని మళ్ళీ కాగితంలో చుట్టింది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తోందని తెలిసిపోతోంది.

"మీరు కౌంటర్ల ఉంటరని సార్. ఏమనుకోకుండ్రి. పుస్తకం తిరిగిస్తే ఒక్కొక్క పేజీ తిప్పి చూస్తరు మీరు. ముప్పై ఏండ్లు నేను పేపర్లు దిద్దిన. నా ముంగట పిల్లలు ఎట్ల నిలబడిన్రో నాకు ఈడికొచ్చినంకనే తెలిసింది."

 మా ఆవిడ అక్కడే ఉంది, కానీ నా వైపు చూడలేదు. ఇంటికి బయల్దేరాం. గరాజ్‌లో కారు ఆపాక, నీకు ఎన్నాళ్ళనుంచి తెలుసు అని అడిగాను. తొమ్మిదేళ్ళనుంచి అంది. మరి నాకెందుకు చెప్పలేదు అంటే, చెప్తే మీరు పార్కుకి కూడా బోర్డు పట్టుకొస్తారని భయపడ్డాం అంది. నాకు నవ్వు రాలేదు. చాలా సిగ్గేసింది. పదకొండేళ్ళు నేను చదవరు చదవరు అని తిట్టిన జనం, నాకు కనపడకుండా చదవడానికి నానా అవస్థలూ పడ్డారు.

సోమవారం డైరెక్టర్ గదిలోకెళ్ళి, శనివారాలు నన్ను కౌంటర్ నుంచి తీసేసి వెనక గదిలో వేయండి, తిరిగొచ్చిన పుస్తకాలు సర్దుకుంటాను అని అడిగాను. వార్నింగ్ లెటర్‌కి అలిగాననుకుంది. కారణం చెప్పాను. తను సరే అని రాసుకుంది. బోర్డు మళ్ళీ పెట్టాలా అని అడిగింది. వద్దన్నాను.

వెనక గది తలుపుకి చిన్న అద్దం ఉంటుంది. మొదటి శనివారం బండి మీద పుస్తకాలు సర్దుతూ దాంట్లోంచి చూశాను. టీచరమ్మ ఎనిమిదిమందిని వెంటేసుకుని వచ్చింది. అందరి చేతుల్లోనూ కొత్త కార్డులు. అలమార ముందు గుంపుగా నిలబడి పుస్తకాలు లాగుతున్నారు, ఒకళ్ళ చేతిలోవి ఒకళ్ళు గుంజుకుంటున్నారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఓ పుస్తకం పేజీ మూల శుభ్రంగా మడతపెట్టాడు. బజ్జీల ఆవిడ లైబ్రరీ మొత్తం దద్దరిల్లేలా నవ్వింది. నా చెయ్యి దానంతటదే అద్దం మీద కొట్టడానికి లేచింది. వెనక్కి లాక్కుని జేబులో పెట్టుకున్నాను. వాళ్ళు వెళ్ళేదాకా తియ్యలేదు.